స్క్రీన్ మీద రేటు వేరు, మీ చేతికొచ్చే రేటు వేరు: షేర్ కొనేముందు ఏం చూడాలి, డీలర్‌తో ఎలా మాట్లాడాలి

పేపర్లో "తేజ రకం క్వింటా ఇంత" అని పడ్డంత మాత్రాన మిర్చి యార్డుకి టిక్కీలు వేసుకొచ్చిన ప్రతి రైతుకీ ఆ రేటు రాదు, గుంటూర్లో పుట్టినోళ్ళకి ఇది ఎవరూ చెప్పక్కర్లా. పేపర్లో పడింది ఎవరిదో ఒక లాటుకి పలికిన రేటు. మన సరుకు దగ్గరికి ఎంతమంది కొనేవాళ్ళొచ్చారు, మధ్యలో కమిషన్ కొట్టు ఎవరిది, మనం ఎంత తొందర్లో ఉన్నాం, ఇవన్నీ కలిసి మన రేటు తేలుద్ది. మరి ఇంత తెలిసిన మనిషే షేర్ల దగ్గరికొచ్చేసరికి ఫోన్లో పెద్దక్షరాల్లో కనపడే నంబర్ని చూసి "ఆ రేటుకి కొనేశా" అనుకుంటాడు, సాయంత్రం బ్రోకర్ పంపే కాంట్రాక్ట్ నోట్, అంటే ఆ రోజు కొన్నవాటి, అమ్మినవాటి బిల్లు, తెరిచి కూడా చూడడు. నాకు బాధేసేది అక్కడే అండి. ఏ షేర్ కొనాలో చెప్పేవాళ్ళు బీసెంట్ రోడ్ నుంచి బ్రాడీపేట దాకా వీధికొకరున్నారు, కొనేటప్పుడు డబ్బు ఎక్కడ కారిపోతుందో చెప్పేవాళ్ళు తక్కువ. అందుకే నేను నేర్చుకున్నది వరసగా రాస్తున్నా, మీరు ఒక్కొక్కటీ మీ యాప్ తెరుచుకుని చూస్తా చదవండి.

ముందు ఎల్‌టీపీ సంగతి. షేర్ పేరు నొక్కగానే పైన కనపడే రేటు ఇదే, ఆఖరున జరిగిన ట్రేడ్ రేటు, అయిపోయిన బేరం. అది రెండు సెకన్ల కిందటిది కావచ్చు, చిన్న షేర్ అయితే ఇరవై నిమిషాల కిందటిది కూడా కావచ్చు. మీకు కావాల్సింది దాని కింద ఉంటది, "మార్కెట్ డెప్త్" అని. ఎడమ పక్క కొనేవాళ్ళ ఐదు రేట్లు, కుడి పక్క అమ్మేవాళ్ళ ఐదు రేట్లు, ఒక్కో రేటు దగ్గర ఎన్ని షేర్లు, ఎన్ని ఆర్డర్లు. ఆర్డర్ పెట్టేముందు ఈ పేజీ ఒక్క నిమిషం చూడటం అలవాటు చేసుకోండి, మిగతా అన్నీ దీని తర్వాతే.

ఒక లెక్క దగ్గరగా చూద్దాం. ఒక చిన్న కంపెనీ షేర్, ఎల్‌టీపీ 100.80 చూపిస్తోంది. అమ్మేవాళ్ళ వైపు 101.00 దగ్గర 120 షేర్లు, 101.40 దగ్గర 80, 102.10 దగ్గర 150, 103.00 దగ్గర 100, 104.50 దగ్గర 200 ఉన్నాయి. కొనేవాళ్ళ వైపు 100.20 దగ్గర 90, 99.80 దగ్గర 150, 99.00 దగ్గర 100, 98.10 దగ్గర 200. మీకు 500 షేర్లు కావాలి, మార్కెట్ ఆర్డర్ కొట్టారు, అంటే రేటు చెప్పకుండా ఎంతకి దొరికితే అంతకి కొనమని. సిస్టమ్ ఏం చేస్తదంటే 101 దగ్గరున్న 120 తీసుకుంటది, తర్వాత 80, తర్వాత 150, తర్వాత 100, చివరి 50 మాత్రం 104.50కి. మొత్తం 51,072 రూపాయలు. సగటున 102.14 పడింది. మీరు చూసింది 100.80, పడింది 102.14. ఇప్పుడు అదే నిమిషంలో మనసు మార్చుకుని అమ్మేశారనుకోండి, కొనేవాళ్ళ వైపు అలాగే మెట్లు దిగుకుంటా పోయి 49,584 వస్తది. కంపెనీలో ఏం మారలా, రేటు "పడలా", అయినా 1,488 రూపాయలు పోయినయ్, ఇంకా బ్రోకరేజీ, టాక్సులు లెక్కలోకే రాలేదు.

దీన్ని కొలవటం తేలిక. కొనేవాడి బెస్ట్ రేటు 100.20, అమ్మేవాడి బెస్ట్ రేటు 101, రెండిటికీ మధ్య 100.60. అదీ అసలు రేటు అనుకోండి. మీకు పడింది 102.14, అంటే మధ్య రేటు కంటే 1.53 శాతం ఎక్కువ. దీన్నే ఇంపాక్ట్ కాస్ట్ అంటారు. ఇదేదో నేను కనిపెట్టింది కాదు, యాభై పెద్ద షేర్ల ఇండెక్స్ నిఫ్టీ 50లోకి షేర్‌ని తీసుకునేటప్పుడు కూడా ఇదే చూస్తారు, 10 కోట్ల బాస్కెట్ పెట్టి చూస్తే ఆరు నెలల్లో 90 శాతం సార్లు ఇంపాక్ట్ కాస్ట్ 0.50 శాతం దాటకూడదని రూలుంది. ఆలోచించండి, అక్కడ 10 కోట్లకి అర శాతం, ఇక్కడ మనం యాభై వేలకే ఒకటిన్నర శాతం కట్టాం. షేర్లు డీమ్యాట్‌లోకి తీసుకునే డెలివరీ మీద ఎస్టీటీ, అంటే షేర్ల లావాదేవీ పన్ను, కొన్నప్పుడు 0.1 శాతం, అమ్మినప్పుడు 0.1 శాతం, దాని గురించి అందరూ గోల పెడతారు, బ్రోకరేజీ 20 రూపాయలా జీరోనా అని యాప్‌లు మారుస్తారు, ఈ ఒకటిన్నర శాతం మాత్రం ఏ బిల్లులోనూ విడిగా రాయరు కాబట్టి ఎవరికీ కనపడదు.

నేను పెట్టుకున్న కొలత చెప్తా, మీకు నచ్చితే వాడుకోండి. రెండు బెస్ట్ రేట్ల మధ్య తేడా 0.2 శాతం లోపుంటే పెద్దగా ఆలోచించను. ఒక శాతం దాకా ఉంటే లిమిట్ ఆర్డరే, అంటే ఇంతకి మించి కొనను, ఇంతకి తగ్గి అమ్మను అని రేటు చెప్పి పెట్టేది, అదీ ఓపిగ్గా, రెండు మూడు ముక్కలుగా. ఒక శాతం దాటితే ఎంత మంచి కంపెనీ అయినా క్వాంటిటీ తగ్గిస్తా లేదా వదిలేస్తా, ఎందుకంటే కొనేటప్పుడే ఇంత ఇరుకుగా ఉన్న వాకిలి అందరూ ఒక్కసారి బయటకి పరిగెత్తే రోజున ఇంకెంత ఇరుకవుద్దో ఊహించుకోవచ్చు. మార్చి 2020లో 13న, మళ్ళీ 23న ఇండెక్స్ 10 శాతం పడి మార్కెట్టే ఆగిపోయింది, ఆ రోజుల్లో చిన్న షేర్ల డెప్త్ తెరిచి చూసినవాళ్ళకి కొనేవాళ్ళ వైపు ఖాళీ ఎలా ఉంటదో గుర్తుండే ఉంటది.

డెప్త్‌లో ఇంకోటి. షేర్ల సంఖ్య పక్కనే ఆర్డర్ల సంఖ్య కూడా ఉంటది, చాలామంది దాన్ని చూడరు. 20,000 షేర్లు 60 ఆర్డర్లలో ఉంటే అరవై మంది నిలబడ్డారు. 20,000 షేర్లు ఒకే ఆర్డర్లో ఉంటే ఒకడు నిలబడ్డాడు, వాడు ఎప్పుడైనా లేచి పోవచ్చు. కొంతమంది కావాలనే కింద రేట్ల దగ్గర పెద్ద కొనే ఆర్డర్ పెట్టి, "అబ్బో డిమాండ్ ఉంది" అని మనలాంటోళ్ళు పైన కొంటుంటే తమ సరుకు అమ్మేసి, ఆ పెద్ద ఆర్డర్ క్యాన్సిల్ చేసేస్తారు. స్పూఫింగ్ అంటారు, షేర్ మార్కెట్‌ని అదుపులో పెట్టే సంస్థ సెబీ దీన్ని మోసం కిందే లెక్కేస్తది. మీరు చెయ్యాల్సిందల్లా ఒకట్రెండు నిమిషాలు కళ్ళార్పకుండా చూడటం. రేటు ఆ పెద్ద ఆర్డర్ దగ్గరకి వచ్చేకొద్దీ అది మాయమవుతుంటే ఆ షేర్ జోలికి ఆ పూట వెళ్ళకండి.

ఇప్పుడు డీలర్ల సంగతికొద్దాం, ఇది కాస్త పెద్దదే, ఓపిక పట్టండి. విజయవాడలో సెకండ్ హ్యాండ్ బైకులు అమ్మే కన్సల్టెన్సీలు చూసే ఉంటారు. మీ బండి తీసుకెళ్తే 40 వేలంటాడు, పక్కనే అదే మోడల్ నిలబెట్టి 48 వేలంటాడు. ఆ ఎనిమిది వేలు వాడి బతుకు, తప్పేం లేదు, బండి అమ్ముడుపోయేదాకా డబ్బు ఇరికించుకుని కూర్చునేది వాడే కదా. వీధిలో పది కన్సల్టెన్సీలుంటే పోటీ వచ్చి ఆ తేడా మూడు వేలకి తగ్గాలి. మరి పదిమందీ ఒకరి మొహం ఒకరు చూసుకుని ఎనిమిది వేలే పెడితే?

అమెరికాలో నాస్డాక్ అనే షేర్ మార్కెట్లో సరిగ్గా ఇదే బయటపడింది. అక్కడ అప్పట్లో మార్కెట్ మేకర్లనే డీలర్లు కొనే రేటు, అమ్మే రేటు రెండూ చెప్పేవాళ్ళు, రేట్లు డాలర్లో ఎనిమిదో వంతు లెక్కన ఉండేవి, అంటే 12.5 సెంట్ల మెట్టు. విలియం క్రిస్టీ, పాల్ షుల్ట్జ్ అని ఇద్దరు ప్రొఫెసర్లు 1991 లెక్కలు తీసి బాగా ట్రేడయ్యే 100 షేర్లు చూస్తే, 70 షేర్లలో డీలర్లు బేసి ఎనిమిదో వంతుల్ని, అంటే ఒకటి, మూడు, ఐదు, ఏడు మెట్లని దాదాపు వాడటమే లేదు. బేసి మెట్లు వదిలేస్తే తేడా ఎప్పుడూ పావు డాలర్‌కి తగ్గదు. ఒక్కో షేర్‌కి డజన్ల కొద్దీ డీలర్లున్నా అదే పరిస్థితి. 1994 మే నెలాఖర్లో ఈ సంగతి పేపర్లలో వచ్చిందో లేదో, మైక్రోసాఫ్ట్, సిస్కో లాంటి షేర్లలో డీలర్లు బేసి మెట్లు వాడటం మొదలెట్టేశారు, తేడా తగ్గిపోయింది. రాత్రికి రాత్రి కంపెనీల్లో మార్పేం లేదు కదండీ, మారింది డీలర్ల తీరు. తర్వాత వంద కోట్ల డాలర్ల పైన కట్టి డీలర్లు కేసు సెటిల్ చేసుకున్నారు. 1997లో రూల్ మారింది, మామూలు కస్టమర్ మంచి రేటుకి లిమిట్ ఆర్డర్ పెడితే దాన్ని డీలర్ దాచకుండా అందరికీ చూపించాలని. 2001 కల్లా అక్కడ రేట్లు సెంట్లలోకి వచ్చేసినయ్.

నాకు ఇందులో అన్నిటికంటే ముఖ్యంగా అనిపించేది ఆ 1997 రూలు. మామూలు మనిషి పెట్టిన లిమిట్ ఆర్డర్ కూడా డీలర్‌కి పోటీయే అని ఒప్పుకోవటం అది. మన దేశంలో నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజ్, అదే ఎన్‌ఎస్‌ఈ, 1994లో షేర్ల ట్రేడింగ్ మొదలుపెట్టినప్పుడే కంప్యూటర్ ఆర్డర్ బుక్‌తో వచ్చింది. మంచి రేటు ఎవరు పెడితే వాళ్ళు ముందు, ఒకే రేటైతే ముందొచ్చినోడు ముందు. గుంటూరు నుంచి మీరు పెట్టిన 50 షేర్ల ఆర్డర్ ముంబై ఫండ్ ఆర్డర్ కంటే కాస్త మంచి రేటు చూపిస్తే క్యూలో మీరే ముందుంటారు. అంతకుముందు ఊళ్ళో బ్రోకర్‌కి చెప్తే వాడు హైదరాబాద్‌కో బొంబాయికో చెప్తే, రింగులో, అంటే ఎక్స్ఛేంజ్ హాల్లో, జాబర్లనే డీలర్లు అరిచిన రేట్లలో ఏది మనకి పడిందో ఎప్పటికో తెలిసేదని మా మావయ్య ఇప్పటికీ చెప్తుంటాడు. ఈ హక్కుని మనం మార్కెట్ ఆర్డర్ కొట్టి వదిలేసుకుంటున్నాం. లిమిట్ ఆర్డర్ పెట్టి క్యూలో నిలబడితే ఆ తేడాలో సగం మనకే రావచ్చు.

క్యూ గురించి చిన్న సంగతి, పెట్టిన ఆర్డర్‌కి రేటు మార్చినా, క్వాంటిటీ పెంచినా క్యూలో మళ్ళీ వెనక్కి వెళ్తారు. తగ్గిస్తే మాత్రం మీ చోటు మీకే ఉంటది. అందుకే ఊరికే మార్చుకుంటా కూర్చోకండి.

మీరు కొనే షేర్ ఏ రకం మార్కెట్లో ఉందో ఇప్పుడు చూడండి, అన్ని షేర్లూ ఒకే చోట ఆడవు. పేరు పక్కన ఎన్‌ఎస్‌ఈలో "బీఈ" అని గానీ బీఎస్‌ఈలో "టీ" గ్రూపని గానీ ఉంటే అది ట్రేడ్ టు ట్రేడ్, పొద్దున కొని సాయంత్రం అమ్మే పనే లేదు, డెలివరీ తీసుకోవాల్సిందే. సర్క్యూట్ బ్యాండ్, అంటే ఒక రోజులో రేటు ఎంత శాతం వరకే కదలొచ్చో ఆ హద్దు, ఎంతో చూడండి, 2 శాతమో 5 శాతమో ఉందంటే చెడ్డ వార్త వచ్చిన రోజు లోయర్ సర్క్యూట్‌లో తాళం పడుద్ది, కొనేవాళ్ళ వైపు సున్నా, మీ అమ్మే ఆర్డర్ లక్షల షేర్ల వెనక నిలబడుద్ది, మర్నాడు మళ్ళీ 5 శాతం, మర్నాడు మళ్ళీ. వాట్సాప్ గ్రూపుల్లో "రోజూ అప్పర్ సర్క్యూట్" అని ఫోటోలు పెడతారే, ఆ షేర్లు దిగేదీ ఇదే మెట్ల మీద. ఏఎస్‌ఎం, జీఎస్‌ఎం అనే నిఘా లిస్టుల్లో ఉందేమో కూడా చూసుకోండి, ఎక్స్ఛేంజ్ వాళ్ళే దాని మీద ఓ కన్నేసి ఉంచారని అర్థం. ఒకే షేర్ ఎన్‌ఎస్‌ఈ, బీఎస్‌ఈ రెండిట్లోనూ ఉంటే రెండు డెప్త్‌లూ చూడండి, యాప్ ఏది ముందు చూపిస్తే అందులోనే కొట్టెయ్యకండి, చిన్న షేర్లలో ఒకదాంట్లో వేలల్లో ఆర్డర్లుంటే ఇంకోదాంట్లో ఖాళీగా ఉంటది.

ఎస్‌ఎంఈ షేర్ల దగ్గర, అంటే చిన్న, మధ్య తరహా కంపెనీల కోసం విడిగా ఉన్న మార్కెట్ దగ్గర, ఇంకాస్త ఆగాలి. మన దగ్గర కంపెనీ షేర్లలో డీలర్ రెండు వైపులా రేటు చెప్పాల్సిన పద్ధతి తప్పనిసరిగా ఉన్నది అక్కడే. ఎస్‌ఎంఈ ఐపీఓకి లిస్టింగ్ నుంచి కనీసం మూడేళ్ళు మార్కెట్ మేకర్ ఉండాలి, ట్రేడింగ్ టైమ్‌లో 75 శాతం సేపు కొనే రేటు, అమ్మే రేటు రెండూ పెట్టాలి. వినటానికి బానే ఉంది. అయితే మిగతా 25 శాతం సేపు లేకపోయినా రూలు ప్రకారం తప్పు లేదు, పైగా షేర్లు లాట్ల లెక్కనే అమ్మాలి, ఒక లాటే మామూలుగా లక్ష అటూ ఇటూ ఉంటది, పదో పరకో అమ్మి అవసరం తీర్చుకోవటం కుదరదు. కాబట్టి ఎస్‌ఎంఈలో పెట్టేముందు ఒక వారం పాటు రోజుకి రెండుసార్లు డెప్త్ తెరిచి కొనేవాళ్ళ వైపు ఎన్ని లాట్లున్నాయో ఒక కాయితం మీద రాయండి. ప్రతిసారీ ఒకటో రెండో లాట్లే, అవీ ఒకే ఆర్డర్‌లో కనపడితే మీరు అమ్మబోయేది దాదాపుగా ఆ ఒక్కడికే.

డబ్బా ట్రేడింగ్ గురించి ఒక్క మాట, ఎందుకంటే మన వైపు ఇది "తక్కువ మార్జిన్", "టాక్స్ లేదు" అనే పేరుతో స్నేహితుల ద్వారానే వస్తది. అక్కడ మీ ఆర్డర్ ఎక్స్ఛేంజ్‌కి వెళ్ళదు, వాడి పుస్తకంలోనే రాసుకుంటాడు, అంటే మీకు ఎదురుగా నిలబడ్డది వాడే, మీరు పోగొట్టుకుంటేనే వాడికి లాభం. కాంట్రాక్ట్ నోట్ ఉండదు, డీమ్యాట్‌లోకి షేర్లు రావు, ఎక్స్ఛేంజ్ నుంచి మెసేజ్ రాదు, లెక్క క్యాష్‌లో తేలుస్తారు. చట్టప్రకారం నేరం, డబ్బు ఎగ్గొడితే అడిగే చోటు కూడా లేదు. దగ్గరి చుట్టం చెప్పినా వద్దనండి.

టైమ్. పొద్దున 9:00 నుంచి 9:08 దాకా ప్రీ ఓపెన్‌లో ఆర్డర్లు తీసుకుంటారు, ఆఖరి నిమిషంలో ఎప్పుడు ఆపేస్తారో చెప్పరు, తర్వాత ఎక్కువ షేర్లు చేతులు మారే ఒక్క రేటు తేల్చి అందరికీ అదే రేటు ఇస్తారు. పెద్ద షేర్లకి ఇది బాగుంటది, రాత్రి వార్త వచ్చినప్పుడు మరీ. 9:15కి మామూలు మార్కెట్ తెరిచిన మొదటి పావుగంట, ఇరవై నిమిషాలు మాత్రం చిన్న షేర్లలో డెప్త్ ఇంకా నిండి ఉండదు.

ఇది నేను డబ్బిచ్చి నేర్చుకున్నా. చాలా ఏళ్ళ కిందట, ఫోన్లో చెప్పి కొనే రోజుల్లో, సబ్ బ్రోకర్ ఆఫీసులో మన ఆర్డర్లు కొట్టే కుర్రాడికి (అతన్నీ డీలర్ అనే అంటారు, పైన చెప్పిన రేట్లు పెట్టే డీలర్ వేరు) 9:10కి ఫోన్ చేసి ఒక కెమికల్ కంపెనీ షేర్ 600 కావాలన్నా. ముందు రోజు క్లోజింగ్ 84. "మార్కెట్లో పెట్టెయ్యనా సార్" అన్నాడు, బస్సు ఎక్కే హడావిడిలో "పెట్టెయ్" అన్నా. 9:15 దాటిన కొన్ని సెకన్లలో 84.50 నుంచి 88.20 దాకా ఉన్నవన్నీ ఊడ్చుకొచ్చింది ఆ ఆర్డర్. మంగళగిరి దాటేలోపు రేటు మళ్ళీ 84.30. ఆ కుర్రాడిది మోసం కాదు, వాడికి ఆ టైమ్‌లో ఇరవై ఫోన్లు మోగుతుంటయ్, మార్కెట్ ఆర్డర్ అయితే ఒక్క ఎంటర్‌తో అయిపోద్ది, లిమిట్ అయితే రేటు చూసి కొట్టాలి, పడకపోతే మళ్ళీ చూస్తా ఉండాలి. వాడి సౌకర్యం, మన డబ్బు. అప్పట్నుంచి చిన్న షేర్ ఏదైనా పొద్దున పది గంటలు దాటాకే.

స్టాప్ లాస్ (ఎస్‌ఎల్), అంటే రేటు ఫలానా చోటికి, ట్రిగ్గర్‌కి, దిగితే దానంతటదే అమ్మే ఆర్డర్, పెట్టేవాళ్ళు కూడా ఇది చూసుకోవాలి. ఎస్‌ఎల్ మార్కెట్ ఆర్డర్ అయితే ట్రిగ్గర్ తగలగానే దొరికిన రేటుకి పోతది, పల్చటి షేర్‌లో అది ఎంత కిందైనా కావచ్చు. ఎస్‌ఎల్ లిమిట్ అయితే మీరు చెప్పిన రేటు కిందకి అమ్మదు, రేటు ఒక్కసారిగా గ్యాప్‌తో దిగితే అసలు అమ్మకుండా ఉండిపోవచ్చు. రెండిట్లో ఏదో ఒక నష్టం ఉంది, నేను ట్రిగ్గర్‌కీ లిమిట్‌కీ మధ్య ఒకటి రెండు శాతం చోటిచ్చి లిమిటే వాడతా.

ఫోన్‌లో డీలర్‌కి చెప్పేవాళ్ళు, మా ఇళ్ళల్లో పెద్దవాళ్ళు ఇప్పటికీ అలాగే చేస్తారు, ఆర్డర్ చెప్పే పద్ధతి మార్చుకోండి చాలు. కంపెనీ పేరు, కొనటమా అమ్మటమా, ఎన్ని షేర్లు, ఎంత లిమిట్, ఏ ఎక్స్ఛేంజ్, ఈ రోజుకేనా. "ఫలానా షేర్ కొనాలి, 500, లిమిట్ 101, ఎన్‌ఎస్‌ఈ, ఈ రోజుకే. చదివి వినిపించు బాబూ." అతను తిరిగి చదివితేనే ఫోన్ పెట్టండి. "మంచి రేటు చూసి తీస్తా మాస్టారూ, మీరు నాకొదిలెయ్యండి" అంటే ఒప్పుకోకండి. ఆర్డర్ ఎప్పుడూ రికార్డయ్యే ఆఫీసు లైన్‌కే చెప్పండి, డీలర్ సొంత సెల్‌కి వద్దు. క్లయింట్ ఆర్డర్ ఇచ్చినట్టు ఆధారం, అంటే కాల్ రికార్డింగో, మెయిలో, మెసేజో, సంతకమో ఏదో ఒకటి ఉంటేనే ట్రేడ్ చెయ్యాలని సెబీ 2018లో గట్టిగా చెప్పింది, గొడవొస్తే ఆధారం చూపించాల్సింది బ్రోకరే. మీరు రికార్డ్ లేని లైన్‌లో మాట్లాడితే ఆ రక్షణ మీ చేతులారా పోగొట్టుకున్నట్టే. సబ్ బ్రోకర్ అనే పేరు 2019లోనే పోయింది, ఇప్పుడు వాళ్ళని ఆథరైజ్డ్ పర్సన్ అంటారు, బోర్డు మీద ఏమున్నా మీ ఒప్పందం అసలు బ్రోకర్‌తో, ఫిర్యాదు కూడా అక్కడికే వెళ్ళాలి.

డీలర్‌కి ఆదాయం ఎక్కడ్నుంచి వస్తుందో కూడా తెలుసుకోండి, అడగటంలో తప్పు లేదు. శాతం లెక్కన బ్రోకరేజీ ఉన్న చోట ఎన్నిసార్లు కొని అమ్మితే అంత. నెలాఖర్లో టార్గెట్ ఒత్తిడి ఉంటది, అప్పుడు వచ్చే "ఇది అమ్మేసి అది కొనండి" ఫోన్లకి మర్నాడు పొద్దున దాకా జవాబు ఇవ్వకండి. ఇంట్రాడేలో, అంటే కొన్న రోజే అమ్మేసేలా, ట్రేడ్ చేసిన మామూలు మనుషుల్లో పదిమందిలో ఏడుగురు 2022-23లో నష్టపోయారని సెబీ లెక్కలే చెప్తున్నయ్, ఎఫ్ అండ్ ఓలో, అదే ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో, అయితే 2021-22 నుంచి 2023-24 దాకా మూడేళ్ళ లెక్క చూస్తే వందకి 93 మంది. ట్రేడ్ చేసిన ప్రతిసారీ కొనే రేటుకీ అమ్మే రేటుకీ మధ్య తేడాలో కొంత కడుతున్నాం కదా, ఎక్కువసార్లు చేస్తే ఎక్కువసార్లు కడతాం.

సాయంత్రం పని. కాంట్రాక్ట్ నోట్ 24 గంటల్లో రావాలి. అందులో ట్రేడ్ టైమ్, ట్రేడ్ నంబర్, రేటు ఉంటయ్. ఒక నోట్‌బుక్‌లో మూడే మూడు రాయండి: ఆర్డర్ పెట్టేటప్పుడు రెండు బెస్ట్ రేట్ల మధ్య రేటు, మీకు పడిన సగటు, ఎన్ని షేర్లు. ఇరవై ట్రేడ్‌లయ్యాక తేడాలన్నీ కూడితే మీరు కడుతున్న కనపడని ఖర్చు రూపాయల్లో కనపడుద్ది. ఎప్పుడైనా అనుమానమొస్తే ఎన్‌ఎస్‌ఈ వెబ్‌సైట్‌లో ట్రేడ్ వెరిఫికేషన్ పేజీ ఉంది, అక్కడ ఆ ట్రేడ్ నిజంగా జరిగిందో లేదో కొన్ని రోజుల వరకూ చూసుకోవచ్చు.

చివరిది మా మావయ్య విషయం, దీని కోసమే ఇంత రాశాననుకోండి. రిటైరైన టీచర్, లక్ష్మీపురంలో ఉంటారు, పెన్షన్ డబ్బుల్లో కొంత మంచి షేర్లలో పెట్టుకున్నారు, నెలకి ఒకటో రెండో ట్రేడ్‌లు. ఒక సంక్రాంతికి వాళ్ళింటికెళ్ళి ఖాతా తెరిచి చూస్తే మూడు నెలల్లో నలభై పైన ట్రేడ్‌లు. డీలర్‌ని అడిగితే "మాస్టారు బిజీగా ఉంటారని నేనే లాభానికి తీసి మళ్ళీ పెట్టా" అన్నాడు. మావయ్యకి ఒక్క మెసేజ్ కూడా ఎందుకు రాలా అని చూస్తే, ఖాతాలో ఉన్న మొబైల్ నంబరూ, మెయిలూ ఆయనవి కావు, ఫారం నింపేటప్పుడు ఆఫీసు వాళ్ళు తమవే రాసేశారు. ట్రేడ్ జరిగిన ప్రతిరోజూ సాయంత్రం ఎక్స్ఛేంజ్ మెసేజ్ పంపుతూనే ఉంది, చేరాల్సిన చోటుకి చేరలేదంతే. మేం అసలు బ్రోకర్ కంప్లయన్స్ మెయిల్‌కి ఆ తేదీలన్నీ రాసి, ఒక్కో ట్రేడ్‌కీ ఆర్డర్ ఇచ్చిన రికార్డింగ్ చూపించమని అడిగాం, ఫోన్లో ఒక్క మాట కూడా మాట్లాడకుండా అంతా రాతపూర్వకంగా. ఆరు ట్రేడ్‌లకే చూపించగలిగారు. మిగతావాటి బ్రోకరేజీ, నష్టం వెనక్కి వచ్చినయ్, కొంచెం టైమ్ పట్టింది. వాళ్ళు కదలకపోతే స్కోర్స్ అనే సెబీ ఫిర్యాదుల వెబ్‌సైట్‌లో పెట్టేవాళ్ళం, అక్కడ పెడితే 21 రోజుల్లో జవాబివ్వాలి, అక్కడా తేలకపోతే స్మార్ట్ ఓడీఆర్ అని ఆన్‌లైన్‌లోనే మధ్యవర్తి దగ్గరకి వెళ్ళే పోర్టల్ ఉంది.

కాబట్టి ఇది చదవటం అయిపోగానే మీ యాప్‌లో ప్రొఫైల్ తెరిచి, ట్రేడింగ్ ఖాతాలో ఒకసారి, డీమ్యాట్‌లో ఒకసారి, మొబైల్ నంబరూ మెయిలూ ఎవరివి ఉన్నాయో చూడండి. తర్వాత ఇంట్లో నాన్నగారిదో మావయ్యగారిదో ఖాతా ఉంటే వాళ్ళ పక్కన కూర్చుని వాళ్ళదీ చూడండి.